రెండు కల్దార్లోడు

షోలాపూరు నుంచి గట్టుప్పలకు కండెలొచ్చేవి.
పైన ఇరవయ్యో నంబరు నూలు,
లోపల పుల్లకు బదులు
చుట్ట చుట్టిన ఐదు రూపాయల నోటు.
వాడి టేషన్ల కరోడ్‌గిరి జవాను
మూట విప్పి, వాసన చూసి,
సాలోళ్ల సరుకే అని మళ్ల కట్టేటోడు.
వానికేం ఎరుక
ఆ దారం కొస పట్టి గుంజితే
ఏ గడీ గోడ కదుల్తదో.

అక్కడ మిల్లు వెనక చాల్ల,
రాత్రి పాళీ దిగినంక
బుడ్డి దీపం ముంగట పాత తువ్వాల పరిచేటోళ్లు.
రాపోలు పెంటయ్య ఒకటి.
తిరందాసు బక్కయ్య బారాణా.
ముసలి జగ్గయ్య నశ్యం మానేసి నాలుగణాలు.
మా తాత చిలువేరు ఆగయ్య రెండు,
ఎప్పుడు రెండే, ఒక్క పైస తగ్గనియ్యకపోయేది.
దొరసానికి చీర నేసి కూలి అడిగినందుకు
ఆయన మగ్గం కొయ్యలు
దొర పొయిల పెట్టిచ్చిండు.
ఆ రాత్రే ఊరిడిసిండు.
కడుపుతోటి ఉన్న ఆలికి
మళ్లొస్త అని చెప్పిండో లేదో కూడ తెల్వదు.

ఊర్ల కండెలు విప్పేది మా నాయినమ్మ భూదమ్మ.
సాలె ఇంట్ల రాట్నం సప్పుడు
గాలి సప్పుడసొంటిది, ఎవరూ తలకాయెత్తి చూడరు.
నోటు బయటపడంగనే మగ్గం గుంతల కుండకు.
తెల్లారుజామున సంఘం పిలగాడు
మేకలు తోలుకుంట వచ్చి పట్కపోయేది.
ముడి చూసి చెప్పేది ఏ కండె ఎవరిదో.
ఆగయ్యది ఎడమచేతి ముడి.
రాత రాని మొగని ఉత్తరం అది.
తక్కినయి పండ్లతోటి కొరికి తెంపేది,
దాన్ని మాత్రం గోటితోని
మెల్లగ, పొద్దుపోయేదాక.

ఇంట్ల గింజ లేదు.
కుండల డెబ్బై.

మా నాయినకు అప్పుడు ఏడు నెలలు.
దగ్గి దగ్గి నీలమైండు.
చండూరు హకీము రెండు అడిగిండు.
ఐదు నోటు తీసింది.
మూడు తెచ్చి మళ్ల కుండల పెట్టింది.
సంఘం పిలగానికి మొకం చూడకుంట చెప్పింది.
వాడు మంచోడు. పెన్సిలుతోని
"రెండు తక్కువ. ఒక బీదామె" అని రాసిండు,
పేరు రాయలే.

ఆ చీటీ షోలాపూర్ల సదివిన రాత్రి
అందరికంటె ముందు లేచి గర్జించింది ఆగయ్యే:
ఎవతె తిన్నది? మనం తినక పంపింది ఎవతె తిన్నది?
అరిచి ఊకోలే.
పొద్దటి పాళీ మీద రాత్రి పాళీ ఇంకోటి ఎక్కి
ఆ రెండు పూడ్చిండు.

రెండేండ్లకు ఇల్లు చేరిండు.
వాకిట్ల పొట్టేలు పిల్ల ఎంట ఉరుకుతున్న పోరన్ని చూసి
ఎవడే వీడు అన్నడట.
రెండు కల్దార్లోడు, అన్నది.
కథ అంత అప్పుడే చెప్పింది, పొయి ఊదుకుంట.
ఆయన నవ్విండని మా మేనత్త అంటది.
మూడు దినాలు అన్నం ముట్టలేదని నాయినమ్మ.
ఇద్దరూ ఆ ఇంట్లున్నోళ్లే.

ఇగ ఆ పేరు నాయినను ఇడిసిపెట్టలే.
బడిల, పంచాయితిల, నూలు కొట్టు కాడ
ఏ రెండు కల్దార్లోడా, అని.
ఎవరు రసీదు బుక్కు పట్టుకొని గడపెక్కినా,
ఎర్ర జెండోళ్లు, ప్రత్యేక రాష్ట్రమన్నోళ్లు,
పాలిస్టరు నూలు ధర మీద కొట్లాడేటోళ్లు,
రెండే ఇచ్చేది.
పోరగాండ్లు నవ్వేటోళ్లు, రెండు రూపాయలకు
చాయ గూడ రాదు గదనే పెద్దాయినా.
రాకపోతే రాకపాయె, రసీదు రాయిరా.

పోయిన మాఘంల నాయిన దగ్గుతోనే పోయిండు.
ట్రంకు పెట్టె అడుగున అంగీల కింద
ఆసు దారంతోని కట్టిన కట్ట.
ఆ ముడి ఎడమచేతిది,
ఎవరు నేర్పిన్రో అడిగే టైము దాటిపోయింది.
గోటితోనే విప్పిన.
అన్నీ రసీదులే. కడపటి దాంట్ల
పేరు గూడ తప్పు రాసిన్రు.
కింద గీత మీద మాత్రం కుదురైన చేతిరాత:
అక్షరాల రెండు రూపాయలు మాత్రమే.